కుక్కకు కీళ్ళనొప్పులు: ఏది ముందు, ఏది తర్వాత, ఏది వద్దు

పడుకున్న చోటి నుంచి ఒక్కసారిగా లేవలేక, లేచాక నాలుగడుగులు బిగుసుకుపోయినట్టు నడిచి, ఆ తర్వాత మామూలుగా తిరిగే కుక్కలు తిరుపతి, చిత్తూరు ఇళ్ళలో చాలానే ఉన్నాయి. ఇంట్లోవాళ్ళు "వయసైపోయింది కదా" అని సరిపెట్టుకుంటారు. వయసు జబ్బు కాదు. ఆ బిగుసుకుపోవడం వెనక నొప్పి ఉంది, దాన్ని చాలావరకు తగ్గించవచ్చు. చిక్కల్లా ఎవర్ని అడిగినా తలా ఒక మాట చెప్పడమే. పెట్ షాపులో పొడి డబ్బా చేతిలో పెడతారు. పక్కింటివాళ్ళు ఆముదం రాయమంటారు. డాక్టరు రోజూ టాబ్లెట్ వేయమంటాడు. బంధువుల్లో ఒకరు బెంగళూరుకు తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించమంటారు. నెలకు ఇంత అని లెక్క చూసుకునే ఇంట్లో అన్నీ ఒకేసారి కుదరవు.

నా మాట ముందే చెప్పేస్తాను. కుక్క లావుగా ఉంటే మొదట బరువు, దాంతోపాటు ఇంటి నేల. నొప్పి స్పష్టంగా ఉంటే ఆ రెండూ కుదిరేదాకా ఆగకుండా డాక్టరు రాసిన నొప్పి మందు. డబ్బాలు, పొడులు అన్నింటికన్నా చివర. ఈ వరుస ఎందుకో, ఏ ఇంట్లో ఇది మారుతుందో కింద చెబుతున్నాను.

అది ఆర్థరైటిసేనా?

కీలులో గుజ్జు అరిగి, ఎముక చివర్లు గరుకుదేరి, చుట్టూ వాపు చేరడమే ఈ జబ్బు. కుక్క దీనికి ఏడవదు. కుయ్‌మనడం లేదు కాబట్టి నొప్పి లేదనుకోవద్దు. అది తన అలవాట్లు మార్చుకుంటుంది, మనం చూడాల్సింది వాటినే. స్కూటర్ ముందు ఎగిరి నిలబడేది ఇప్పుడు ఎత్తిపెట్టమన్నట్టు చూస్తుంది. మిద్దె మెట్ల దగ్గర ఆగి ఆలోచిస్తుంది. పరుగెత్తితే వెనక కాళ్ళు రెండూ కలిపి కుందేలులా గెంతుతుంది. ఒకే కీలును పదే పదే నాకుతుంది. నడుము కింద తొడల కండ తగ్గి ముందు భాగం మాత్రం బలంగా కనిపిస్తుంది. ఎప్పుడూ ఒళ్ళో తల పెట్టే కుక్క వెనక కాలు తాకితే గుర్రుమంటుంది. లేవగానే బిగుసుగా ఉండి, కాసేపు నడిచాక సర్దుకోవడం దీని ప్రధాన గుర్తు.

అయితే మన ప్రాంతంలో ఒక మాట తప్పక గుర్తుంచుకోవాలి: గోమార్లు. అవి కుట్టడం వల్ల వచ్చే టిక్ ఫీవర్‌లో కూడా కీళ్ళు వాచి కుక్క కుంటుతుంది. తేడా ఏమిటంటే ఇది నెలల తరబడి మెల్లగా కాకుండా నాలుగైదు రోజుల్లో వస్తుంది. ఈ రోజు ఒక కాలు, రేపు మరో కాలు. జ్వరం, తిండి మానేయడం, చిగుళ్ళు పాలిపోవడం, కొన్నిసార్లు ముక్కు నుంచి రక్తం. ఇలా ఉంటే రక్త పరీక్ష చేయించకుండా నొప్పి టాబ్లెట్ వేయకూడదు. టిక్ ఫీవర్‌లో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఆ స్థితిలో నొప్పి మందు కడుపులో రక్తస్రావం తేవచ్చు. అసలు జబ్బుకు వేరే మందు ఉంది, త్వరగా మొదలుపెడితే కుక్క చక్కగా కోలుకుంటుంది.

ఉన్నట్టుండి ఒక కాలు పూర్తిగా ఎత్తేస్తే మోకాలి లిగమెంట్ తెగి ఉండవచ్చు. పెద్ద జాతి కుక్కకు ఒకచోట గట్టి వాపు వచ్చి రోజురోజుకూ నొప్పి పెరుగుతుంటే ఎముక క్యాన్సర్ కాదని ఎక్స్‌రేలో తేల్చుకోవాలి. వెనక కాళ్ళు తడబడి, పాదం మడతపడి ఈడుస్తుంటే సమస్య వెన్నులో ఉండవచ్చు. ఈ మూడింటినీ ఇంట్లో తేల్చలేం.

డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు ఒక పని చేయండి. కుక్క నిద్ర లేచే క్షణం, మెట్లు ఎక్కడం, పక్కనుంచి నడవడం ఫోన్‌లో వీడియో తీయండి. ఆసుపత్రిలో భయానికి కుక్క కుంటడం మానేస్తుంది, "ఇంట్లో కుంటింది సార్" అన్న మన మాట తప్ప చూపించడానికి ఏమీ మిగలదు.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

ఏ వైద్యానికైనా ఈ అయిదు ప్రశ్నలు వేయండి. నొప్పి నిజంగా తగ్గుతుందా, ఎన్నాళ్ళకు? కిడ్నీకి, కాలేయానికి, కడుపుకు ముప్పు ఉందా? నెలనెలా ఎంత, ఏడాది పొడవునా భరించగలమా? పగలు ఇంట్లో ఎవరుంటారు, వాళ్ళు చేయగలరా? పని చేయకపోతే వెనక్కి రాగలమా?

నాలుగో ప్రశ్న మీద నాకు పట్టింపు ఎక్కువ. రోజూ చేయాల్సిన పనిని ఎవరు చేస్తారో తేల్చకుండా మొదలుపెట్టిన వైద్యం రెండో నెలలో ఆగిపోతుంది. ఆర్థరైటిస్ జీవితాంతం ఉండే జబ్బు. మూడు వారాల ఉత్సాహం దానికి సరిపోదు.

| మార్గం | ఉపశమనం | ఎన్నాళ్ళకు | ముప్పు | ఖర్చు | ఇంట్లో శ్రమ |
|---|---|---|---|---|---|
| బరువు తగ్గించడం | లావు కుక్కకు చాలా ఎక్కువ | 2–3 నెలలు | దాదాపు లేదు | లేదు | ఎక్కువ, ఇంటిల్లిపాదీ కలవాలి |
| నేల, పడక, మెట్లు | మోస్తరు | అదే రోజు నుంచి | లేదు | ఒకసారి, తక్కువ | ఒకసారే |
| డాక్టరు రాసిన నొప్పి టాబ్లెట్ | ఎక్కువ | కొద్ది రోజులు | కడుపు, కిడ్నీ, కాలేయం | నెలనెలా, రక్త పరీక్షలు అదనం | తక్కువ |
| నెలకో ఇంజెక్షన్ | ఎక్కువ | మొదటి, రెండో డోసు తర్వాత | అరుదుగా నరాల సమస్యలు | ఎక్కువ | చాలా తక్కువ |
| చేప నూనె | కొద్దిగా | 6–8 వారాలు | విరేచనాలు, బరువు | మోస్తరు | తక్కువ |
| గ్లూకోసమైన్ పొడులు, బిళ్ళలు | చాలా సందేహం | – | తక్కువ | నెలనెలా, మోస్తరు | తక్కువ |
| వ్యాయామం, ఫిజియో | మోస్తరు నుంచి ఎక్కువ | నెలలు | అతి చేస్తేనే | ఇంట్లో అయితే లేదు | రోజూ |
| ఆపరేషన్ | తగిన కుక్కకు చాలా ఎక్కువ | 2–4 నెలలు | మత్తు, ఇన్ఫెక్షన్ | అన్నింటికన్నా ఎక్కువ | మొదటి వారాలు చాలా |

బరువు

ఇందులో ఆస్తి పోదు, కిడ్నీ పోదు. అయినా అందరూ దాటేసే మార్గం ఇదే. అమెరికాలో 48 లాబ్రడార్లను జంటలుగా విడదీసి, పిల్లలుగా ఉన్నప్పటి నుంచి చివరిదాకా గమనించి 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. ప్రతి జంటలో ఒక కుక్కకు రెండోదానికన్నా 25 శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి, వాటికి ఆర్థరైటిస్ కూడా ఆలస్యంగా వచ్చింది. ఇప్పటికే కుంటుతున్న లావు కుక్కల్లో ఒంటి బరువు 6 శాతం పైన తగ్గితే చాలు, కుంటడం కంటికి కనిపించేంత తగ్గుతుందని మరో అధ్యయనంలో తేలింది. 38 కిలోల లాబ్రడార్‌కు అది రెండుంపావు కిలోలు.

మన ఇళ్ళలో బరువు ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పెరుగన్నం, రాత్రి సంగటి లేదా పప్పన్నంలో నెయ్యి, మధ్యలో తాతగారి కాఫీ వేళ బిస్కట్లు. 30 కిలోలు ఉండాల్సిన కుక్క సన్నబడాలంటే రోజుకు సుమారు 900 కేలరీలు సరిపోతాయి. ఒక చెంచా నెయ్యిలో 45 ఉంటాయి. ఒక్కో గ్లూకోజ్ బిస్కట్‌లో 20 నుంచి 25. నాలుగు బిస్కట్లూ రెండు చెంచాల నెయ్యీ కలిస్తే రోజు తిండిలో ఐదో వంతు అయిపోయింది, కడుపు మాత్రం నిండలేదు. అన్నం సగానికి తగ్గించి, ఆ చోట ఉడికించిన సొరకాయ, బీన్స్, గుమ్మడి పెట్టండి. తోలు తీసిన చికెన్ గానీ గుడ్డు గానీ మాత్రం తగ్గించొద్దు. మాంసకృత్తులు తగ్గితే కొవ్వుకు బదులు కండ కరుగుతుంది, ఈ జబ్బులో కండే ఆసరా. ఉల్లి, వెల్లుల్లి వేయకండి.

పక్కటెముకలు కంటికి కనిపించకపోయినా వేళ్ళతో తడిమితే తేలిగ్గా తగలాలి. పైనుంచి చూస్తే నడుము సన్నబడాలి. వారానికి ఒంటి బరువులో ఒక శాతం, మించితే రెండు శాతం తగ్గితే చాలు. పెద్ద కుక్కను తూచడానికి బియ్యం మూటలు తూచే కాటా బాగా పనికొస్తుంది, కొట్టువాళ్ళను అడిగితే కాదనరు. తిండి నిజంగా తగ్గించినా బరువు కదలకపోతే థైరాయిడ్ పరీక్ష గురించి డాక్టరును అడగండి.

ఈ మార్గం ఓడిపోయేది ఇంట్లో ఒక్కరు దొంగచాటుగా పెట్టినప్పుడే. అది ప్రేమతోనే చేస్తారు. అందుకే పెద్దవాళ్ళతో గొడవ పడకుండా, రోజు వాటాలోంచే కొన్ని ఉడికిన క్యారెట్ ముక్కలు తీసి గిన్నెలో వాళ్ళకే ఇవ్వండి. పెట్టే సంతోషం వాళ్ళకూ ఉంటుంది, లెక్కా తప్పదు.

నేల, పడక, మెట్లు

కొత్త ఇళ్ళన్నింటిలో నున్నటి టైల్సే. నొప్పి ఉన్న కుక్కకు అవి మంచు మీద నడకలాంటివి. లేచేటప్పుడు వెనక కాళ్ళు విడిపోయి జారితే, అప్పటికే అరిగిన తుంటి మీద బరువంతా పడుతుంది. పడక దగ్గర, నీళ్ళ గిన్నె దగ్గర, గడప దగ్గర, అది రోజూ నడిచే దారి పొడవునా జారని పట్టాలు వేయండి. పాత యోగా మ్యాట్లు, అడుగున రబ్బరున్న కాళ్ళు తుడుచుకునే పట్టాలు సరిపోతాయి. గోళ్ళు కత్తిరించండి, వేళ్ళ మధ్య వెంట్రుకలు కూడా.

పడక విషయంలో మన ఎండాకాలం పేచీ పెడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎంత మెత్తటి పరుపు వేసినా కుక్క వదిలేసి చల్లటి టైల్ మీదే పడుకుంటుంది, దాని తప్పు లేదు. కాళ్ళు కోసి ఎత్తు బాగా తగ్గించిన నులక మంచం మీద మందపాటి నూలు దుప్పటి పరిస్తే కింద గాలి ఆడుతుంది, ఒళ్ళు ఒరుసుకోదు. నులకలో గోళ్ళు చిక్కుకోకుండా దుప్పటి గట్టిగా కట్టాలి. నవంబర్ వానల్లో, డిసెంబర్ చలిలో అదే మంచం మీద పరుపు. పలమనేరు, కుప్పం వైపు చలి ఎక్కువ కాబట్టి అక్కడ గోనెపట్టా, దాని మీద కంబళి కూడా అవసరమవుతాయి.

నొప్పి టాబ్లెట్

ఇక్కడ జనం రెండు వైపులా తప్పుతారు. ఒకరు కిడ్నీ పోతుందని భయపడి అసలు వేయరు, కుక్క ఏళ్ళ తరబడి బాధపడుతుంది. ఇంకొకరు తమ ఒంటినొప్పుల టాబ్లెట్ సగం విరిచి వేస్తారు.

రెండోది ప్రాణాంతకం. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడటాన్ని మన దేశంలో 2006లోనే నిషేధించారు. ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తిని చనిపోతున్న రాబందుల కోసం వచ్చిన నిషేధమే అయినా కుక్కకు కూడా ఆ మందు విషమే. మెలోక్సికామ్ కుక్కలకు వాడే మందే కదా అని మెడికల్ షాపులో మనుషుల టాబ్లెట్ తెచ్చేవాళ్ళూ ఉన్నారు. మొదటి రోజు తర్వాత కుక్కకు ఇచ్చే డోసు కిలోకు 0.1 మిల్లీగ్రాములు. పది కిలోల పామరేనియన్‌కు రోజుకు 1 మిల్లీగ్రామ్. మనుషుల చిన్న టాబ్లెట్‌లో 7.5 ఉంటుంది.

డాక్టరు కుక్క బరువు చూసి రాసే మెలోక్సికామ్, కార్ప్రొఫెన్, ఫిరోకాక్సిబ్ లాంటివి ఈ జబ్బుకు అన్నింటికన్నా ఎక్కువ ఆధారాలున్న మందులు. మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), కాలేయ పరీక్షలు, ప్లేట్‌లెట్లతో సహా రక్త పరీక్ష చేయించాలి. రెండు నుంచి నాలుగు వారాలకు మళ్ళీ, ఆ తర్వాత మూడు నుంచి ఆరు నెలలకోసారి. తిండితోనే వేయాలి, గిన్నెలో నీళ్ళు ఎప్పుడూ ఉండాలి. వాంతులు, నల్లటి విరేచనం, తిండి మానేయడం, అతిగా నీళ్ళు తాగడం, కళ్ళు పచ్చబడటం కనిపిస్తే ఆ పూట మందు ఆపి డాక్టరుకు ఫోన్ చేయాలి. ఇంకో మాట, దురదకో మరొకదానికో ఈమధ్య స్టెరాయిడ్ వేయించి ఉంటే తప్పకుండా చెప్పండి. స్టెరాయిడ్, నొప్పి మందు కలిపి వేయకూడదు, మధ్యలో కొన్ని రోజుల ఎడం కావాలి.

కిడ్నీ దెబ్బతిన్న కుక్కకు డాక్టర్లు గాబాపెంటిన్ లాంటివి తగ్గించిన డోసులో ఇస్తారు. అది మనుషుల సిరప్ రూపంలో తెస్తే అందులో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉందేమో చూడాలి. కుక్కకు అది విషం.

నెలకో ఇంజెక్షన్

నొప్పి సంకేతాన్ని మోసే ఒక ప్రొటీన్‌ను అడ్డుకునే బెడిన్‌వెట్‌మాబ్ అనే ఇంజెక్షన్‌కు 2020లో యూరప్‌లో, 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. చర్మం కింద నెలకోసారి వేస్తారు. కిడ్నీ, కడుపు కారణంగా టాబ్లెట్ పడని ముసలి కుక్కకు ఇది మంచి ఆలోచనే. 2024 డిసెంబర్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) నడక తడబడటం, మూర్ఛ లాంటి నరాల సమస్యల గురించి డాక్టర్లను హెచ్చరించింది. కాబట్టి టాబ్లెట్ చక్కగా పడుతున్న కుక్కకు దీనికి మారాల్సిన పని లేదని నా ఉద్దేశం. మీ డాక్టరు తెప్పించగలరా అని ముందే అడగండి. దీన్ని ఫ్రిజ్ చల్లదనంలోనే తేవాలి, మన ఎండలో సంచిలో పెట్టుకుని తెచ్చేది కాదు.

పొడులు, నూనెలు, ఇంటి చిట్కాలు

కీళ్ళకు మంచివని అమ్మే గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ డబ్బాల గురించి సూటిగా చెప్పాలి. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2022లో చేసిన సమీక్షలో వీటి వల్ల కుక్కలకు ప్రయోజనం కనిపించలేదు. అదే సమీక్షలో చేప నూనెలోని ఒమేగా-3కి ఫలితం కనిపించింది. నెలకు ఒక డబ్బాకే డబ్బుంటే చేప నూనె కొనండి, డోసు డాక్టరును అడిగి. అవిసె నూనె దానికి బదులు కాదు. అందులో ఉండే రకాన్ని కుక్క శరీరం చాలా తక్కువగా మాత్రమే మార్చుకోగలదు. కాల్షియం సిరప్ ఆర్థరైటిస్‌ను తగ్గించదు, పెద్ద జాతి కుక్కపిల్లలకు అతిగా పోస్తే ఎముకలే చెడతాయి.

గోరువెచ్చటి బట్టతో కాపడం, తొడ కండరాల మీద మెల్లగా మర్దన మంచివే, కుక్క ఇష్టపడితే చేయండి. ఆముదం మాత్రం రాయొద్దు, అది నాకి విరేచనాలు పట్టుకుంటాయి. మనం వాడే నొప్పి బామ్‌లు అసలే వద్దు. వాటిలో కర్పూరం, ఆస్పిరిన్ జాతి పదార్థాలు ఉంటాయి. పుత్తూరు కట్టు సంగతి కూడా కొందరు అడుగుతారు. విరిగిన ఎముకలకు ఆ ఊరికి ఉన్న పేరు తెలిసిందే. అరిగిన కీలు విరిగిన ఎముక కాదు. కదలకుండా కట్టేస్తే కీలు ఇంకా బిగుస్తుంది, కండ ఇంకా తగ్గుతుంది.

నడక, ఫిజియో, ఆపరేషన్

ఆదివారం ఒక్కసారి గంట నడిపించి, మిగతా వారమంతా గొలుసుకు కట్టేయడం కన్నా రోజూ రెండు మూడు సార్లు పదేసి నిమిషాలు మేలు. ఎండాకాలంలో ఆరు గంటలకే బయలుదేరాలి. తారు మీద మీ అరచేయి కాసేపు పెట్టలేకపోతే కుక్కను నడిపించొద్దు. మట్టి దారి దొరికితే తారు కన్నా అదే మంచిది. కూర్చోబెట్టి లేపడం రోజుకు అయిదారు సార్లు చేయిస్తే తొడల్లో బలం వస్తుంది. బంతి విసరడం, గెంతించడం ఆపేయండి.

ఆపరేషన్ అన్ని కుక్కలకూ కాదు. మోకాలి లిగమెంట్ తెగినప్పుడు, లేత వయసులో తుంటి కీలు సరిగ్గా కుదరనప్పుడు దాని విలువ ఎక్కువ. తుంటి కీలులోని తొడ ఎముక తల తీసేసే ఆపరేషన్ చిన్న కుక్కల్లో బాగా పనిచేస్తుంది. బరువైన వాటిలో ఫలితం అంత నమ్మకంగా ఉండదు. అన్ని కీళ్ళూ అరిగిన ముసలి కుక్కకు ఒక కీలు బాగుచేసి పెద్దగా సాధించేది లేదు.

ఎక్కడ చూపించాలి అంటే, తిరుపతిలో 1955 నుంచి ఉన్న పశువైద్య కళాశాల ఆసుపత్రి మనకు పెద్ద వరం. 2005లో వచ్చిన శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. జబ్బు తేలనప్పుడు, ఆపరేషన్ మాట వచ్చినప్పుడు అక్కడికే వెళ్ళండి. వరసలో కాచుకోవాల్సి వస్తుంది, విద్యార్థులు కూడా చూస్తారు, ఓపిక కావాలి. నెలనెలా చూపించుకోవడానికి, డోసు సర్దుకోవడానికి మాత్రం మీ కుక్కను ఎప్పుడూ చూసే దగ్గర్లోని క్లినిక్ నయం. చిత్తూరువాళ్ళకు తిరుపతి సుమారు 70 కిలోమీటర్లు. మొదటి పరీక్షకు వెళ్ళిరావడం సబబే గానీ, మందు రాయించుకోవడానికి ప్రతిసారీ నొప్పి కుక్కను అంత దూరం కారులో కుదిపి తీసుకెళ్ళక్కర్లేదు. చెన్నై వేపేరి, బెంగళూరు హెబ్బాళ్‌లోని పశువైద్య కళాశాలల దాకా పోవడం పెద్ద ఆపరేషన్ ఉంటేనే.

మీ ఇల్లు ఎలాంటిదో బట్టి

లిఫ్ట్ లేని మిద్దె ఇల్లు, ముప్పై కిలోల కుక్క అయితే మొదటి ఖర్చు వెనక నడుముకు ఆసరా ఇచ్చే పట్టీ. మందపాటి తువ్వాలును పొత్తికడుపు కింద నుంచి పట్టి ఎత్తినా సరిపోతుంది. కింద వాటాలో ఎవరైనా ఉంటే పగలు కుక్కను అక్కడే ఉంచే వీలు అడగండి. రోజుకు నాలుగుసార్లు మెట్లు దిగి ఎక్కడం ఏ టాబ్లెటూ భర్తీ చేయలేని భారం.

పిల్లలు హైదరాబాద్‌లోనో విదేశాల్లోనో ఉండి, ఇంట్లో అమ్మానాన్నలు మాత్రమే ఉంటే వ్యాయామం మీద ఆశ పెట్టుకోవద్దు. పట్టాలు, రోజుకొకసారి వేసే టాబ్లెట్, గోడకు అంటించిన తిండి చీటీ. మూడు నెలలకోసారి రక్త పరీక్ష తేదీ మీ ఫోన్‌లో పెట్టుకోండి, వాళ్ళ ఫోన్‌లో కాదు.

ఏడాది కూడా నిండని లాబ్రడార్ లేదా జర్మన్ షెపర్డ్ కుంటుతుంటే పొడులతో కాలం గడపకండి. అది వంశపారంపర్యంగా వచ్చే తుంటి లోపం కావచ్చు. ఎక్స్‌రే ఈ నెలలోనే తీయించండి, ఎందుకంటే కొన్ని ఆపరేషన్లు లేత వయసులోనే కుదురుతాయి.

వీధి కుక్కకు తిండి పెట్టేవాళ్ళ కష్టం వేరు. టాబ్లెట్ పెట్టిన ముద్ద ఇంకో కుక్క తినేయవచ్చు, రక్త పరీక్షకు పట్టుకోవడమే కష్టం. అలాంటిచోట రోజువారీ నొప్పి మందు నేను సూచించను. మీ చేతి మీదుగా తినే కుక్క అయితే, ఒకసారి చూపించి, డాక్టరు చెప్పినన్ని రోజులే వేయండి. గోమార్ల మందు, తడవని చోట గోనెసంచి పడక, కలియబడకుండా వేరుగా తిండి పెట్టడం మాత్రం ఎవరైనా చేయగలరు.

ఏది మొదలుపెట్టినా నాలుగు వారాలయ్యాక మొదటిరోజు తీసిన వీడియోను, కొత్తదాన్ని పక్కపక్కన చూడండి. లేవడం సులువైందా, మెట్ల దగ్గర ఆగడం తగ్గిందా? తేడా లేకపోతే అదే మందును నెలల తరబడి సాగదీయకుండా మార్చమని అడగాలి. బరువు తగ్గి నడక కుదిరిన కుక్కకు టాబ్లెట్ డోసు తగ్గించి చూడొచ్చా అని కూడా అడగండి. చాలా కుక్కలు మొదట్లో కన్నా తక్కువ మందుతోనే హాయిగా తిరుగుతాయి. ఆ తగ్గించడం డాక్టరు చెప్పినట్టు అంచెలంచెలుగా జరగాలి, ప్రతి అంచెలో వీడియో మళ్ళీ తీయండి.